కడుపులో పుండు: మాత్రలకు, మూలికలకు, పథ్యానికి దేనికి ఎంత చోటు ఇవ్వాలి?

గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో ఎవరికైనా కడుపులో మంట మొదలైందంటే ఇంట్లోవాళ్ళు ముందుగా నేరం మోపేది కారం మీదే. ఆవకాయ తగ్గించమంటారు, గోంగూర మానెయ్యమంటారు. ఆ తరువాత మందుల షాపులో గ్యాస్ బిళ్ళ, దానితో తగ్గకపోతే బంధువులు చెప్పిన చూర్ణం, ఇవన్నీ అయిన తరువాత, నెలలు గడిచాక డాక్టరు. ఈ వరుసను తిరగవేయాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మిరపకాయ కడుపులో పుండును పుట్టిస్తుందనడానికి ఆధారం లేదు. అప్పటికే పుండు ఉన్నవారిలో కొందరికి కారం తింటే మంట పెరుగుతుంది, అంతవరకే దాని పాత్ర. పుండు పుట్టడానికి ముఖ్యమైన కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి, నొప్పి తగ్గించే మాత్రలు. వీటిలో ఏది మీ కడుపును దెబ్బతీసిందో తెలియకుండా అల్లోపతి మంచిదా, ఆయుర్వేదం మంచిదా అని తర్కించుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఆ క్రిమి సంగతి వైద్యులకు కూడా ఆలస్యంగానే తెలిసింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో దానిని ప్రయోగశాలలో పెంచి చూపేవరకు, ఆమ్లం నిండిన కడుపులో ఏ క్రిమీ బతకలేదని, మానసిక ఒత్తిడి, మసాలాలు, అతి ఆమ్లం కలిసి పుండుకు కారణమవుతాయని పుస్తకాలు చెప్పేవి. తన మాటను నమ్మనివారి కోసం మార్షల్ 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని స్వయంగా తాగి, తన కడుపు లోపలి పొరకు వాపు తెచ్చుకొని చూపించాడు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో పెద్దవారిలో చాలామంది కడుపులో ఈ క్రిమి ఉంటుంది, చాలావరకు చిన్నతనంలోనే సోకుతుంది. అందరికీ పుండు పడదు, కొద్దిమందికే పడుతుంది. అయితే ఆ కొద్దిమందిలో క్రిమిని పోగొట్టకుండా పుండును మాత్రమే మాన్పితే అది మళ్ళీ తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. "పదేళ్ళుగా అల్సర్ వస్తూ పోతూ ఉంది" అని చెప్పేవారిలో చాలామందికి ఇంతవరకు ఎవరూ ఆ పరీక్షే చేయించి ఉండరు.

రెండో కారణం మన పల్లెల్లో మరింత విస్తారంగా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, మిరప కోతల కాలంలో రోజంతా వంగి పనిచేసే కూలీలు, నడుము నొప్పితో లారీలు నడిపే డ్రైవర్లు డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్ళలను చీటీ లేకుండానే కొని వాడుతూ ఉంటారు. కడుపు లోపలి పొరను కాపాడే జిగురు, అక్కడికి చేరే రక్తం, ఆ పొర తనను తాను బాగుచేసుకునే శక్తి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల మీద ఆధారపడి ఉంటాయి. ఈ మాత్రలు నొప్పితో పాటు ఆ పదార్థాల తయారీని కూడా అణిచివేస్తాయి. "బిళ్ళ అయితే వేడి చేస్తుంది, సూది అయితే కడుపుకు ఏమీ కాదు" అన్న నమ్మకం బలంగా ఉంది గాని, అది ప్రమాదకరమైన నమ్మకం. సూది ద్వారా వెళ్ళినా మందు రక్తంలో కలిసి చేసే పని అదే. పారాసెటమాల్ ఒక్కటే ఉన్న బిళ్ళకు మామూలు మోతాదులో ఈ దోషం లేదు. కానీ మన షాపుల్లో అమ్ముడయ్యే చాలా నొప్పి బిళ్ళల్లో పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫినాక్ కూడా కలిపి ఉంటుంది కాబట్టి, అట్ట వెనుక రాసిన పేర్లు పూర్తిగా చదివించుకోవాలి.

ఎంపికకు తావు లేని సందర్భాలు

కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు ఏ వైద్యం మేలో పోల్చుకుంటూ కూర్చోకూడదు. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం కావడం, రక్తం వాంతి కావడం లేదా కాఫీ పొడి కలిసినట్టు వాంతి కావడం, ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి పొట్ట చెక్కలా గట్టిపడటం, కళ్ళు తిరిగి పడిపోవడం జరిగితే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. పుండు నుంచి రక్తం కారుతుంటే ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని కడుపులోకి పంపే పద్ధతి) ద్వారా ఆపవలసి రావచ్చు, పుండు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. ఐరన్ మాత్రలు, కడుపు పుండుకు ఇచ్చే బిస్మత్ మందు వాడేవారికి కూడా విరేచనం నల్లగా రావచ్చు, కానీ ఆ తేడాను ఇంట్లో కూర్చొని తేల్చుకునే ప్రయత్నం చేయవద్దు. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడానికి కష్టం కావడం, రక్తహీనత, యాభై, అరవై ఏళ్ళు దాటాక మొదటిసారిగా మొదలైన కడుపు నొప్పి ఉన్నవారు కూడా మూలికలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. జీర్ణాశయంలోని కాన్సర్ కొన్నిసార్లు మామూలు పుండులాగే కనిపిస్తుంది, ఆమ్లం తగ్గించే మాత్రలకు తాత్కాలికంగా లొంగినట్టు కూడా అనిపిస్తుంది.

ఇదే సందర్భంలో మరొకటి చెప్పకుండా ఉండలేను. ఛాతీ మధ్యలో లేదా పైపొట్టలో బరువుగా నొప్పి, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. గుండెపోటును గ్యాస్ ట్రబుల్‌గా పొరబడి విలువైన గంటలు పోగొట్టుకునే ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ముందు ఈసీజీ తీయించండి.

పరీక్షల్లో ఏది?

ప్రమాద లక్షణాలు లేని చిన్న వయసువారికి నేరుగా ఎండోస్కోపీ అవసరం లేకపోవచ్చు. యూరియా శ్వాస పరీక్ష గాని, మలంలో క్రిమి యాంటిజెన్ (క్రిమికి చెందిన పదార్థం) పరీక్ష గాని సరిపోతాయి. రెండూ ప్రస్తుతం క్రిమి ఉన్నదీ లేనిదీ చెప్పగలవు. రక్తంలో యాంటీబాడీ (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసే పదార్థం) పరీక్ష చవకగా, సులువుగా దొరుకుతుంది గాని, క్రిమి ఎప్పుడో ఉండి పోయినా అది పాజిటివ్‌గానే చూపవచ్చు. అందువల్ల దాని ఫలితం ఒక్కదానినే పట్టుకొని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టడం గాని, క్రిమి పోయిందో లేదో తేల్చుకోవడం గాని సరికాదు. ఎండోస్కోపీ చేసినప్పుడు చిన్న ముక్క తీసి క్రిమి పరీక్ష, కాన్సర్ ఉందేమో చూసే బయాప్సీ రెండూ చేయించవచ్చు. పుండు చిన్నపేగు మొదటి భాగంలో కాక జీర్ణాశయంలోనే ఉన్నట్టు తేలితే బయాప్సీ చాలా ముఖ్యం.

పరీక్షకు ముందు పాటించవలసిన నియమాన్ని చాలామందికి ఎవరూ చెప్పరు. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలను రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను, బిస్మత్‌ను నాలుగు వారాల ముందు ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని ఫలితం రావచ్చు. అయితే రక్తస్రావం అయినవారు ఆ మాత్రలను తమంతట తాము ఆపకూడదు, అది డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

మందుల మధ్య తేడా

ద్రవరూపంలో దొరికే యాంటాసిడ్లు అప్పటికే ఉన్న ఆమ్లాన్ని నిర్వీర్యం చేస్తాయి. నిమిషాల్లో హాయినిస్తాయి, గంటో రెండు గంటలో పనిచేసి ఆగిపోతాయి. పుండును మాన్పడానికి ఇవి సరిపోవు. ఫామోటిడిన్ వంటివి ఆమ్లం తయారీని కొంతవరకు తగ్గిస్తాయి. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపించిన రానిటిడిన్ ఈ జాతిదే. అందులో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం ఉన్నట్టు బయటపడటంతో అమెరికాలో 2020లో దానిని మార్కెట్ నుంచి తొలగించారు, మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. పాత అలవాటు కొద్దీ ఇంకా అదే అడిగేవారు డాక్టరుతో మాట్లాడి వేరొకదానికి మారడం మంచిది.

పుండును మాన్పడంలో నేడు ప్రధానమైనవి ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్. చిన్నపేగు మొదటి భాగంలోని పుండు సాధారణంగా నాలుగు వారాల్లో, జీర్ణాశయంలోని పుండు ఎనిమిది వారాల్లో వీటితో మానుతుంది. వీటిని వాడినా గుణం కనిపించలేదని చెప్పేవారిలో కొందరి ఇబ్బంది మందులో ఉండదు, వేళలో ఉంటుంది. ఈ మాత్ర ఉదయం టిఫినుకు అరగంట నుంచి గంట ముందు, పరగడుపున వేసుకుంటేనే పూర్తిగా పనిచేస్తుంది. తిన్న తరువాత గుర్తొచ్చి వేసుకుంటే ఫలితం తగ్గిపోతుంది. వాంతులు తగ్గించే డాంపెరిడోన్ కలిపిన క్యాప్సూల్ పుండుకు అదనంగా చేసే మేలు లేదు, గుండె లయ సమస్యలున్నవారికి అది కీడు చేయవచ్చు. కాబట్టి వాంతి, వికారం లేనప్పుడు కలపని మాత్రనే అడగడం మేలు. జన ఔషధి దుకాణాల్లో ఇవి జెనరిక్ రూపంలో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

ఈ మాత్రలను ఏళ్ళ తరబడి అవసరం లేకుండా వాడటం సరికాదు. బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు ఆమ్లం ఇంకా ఎక్కువగా ఊరి, "మాత్ర లేకపోతే బతకలేను" అన్న భావన కలుగుతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకుంటే ఈ దశ దాటిపోతుంది. సుక్రాల్‌ఫేట్ పుండు మీద పొరలా అంటుకొని కాపాడుతుంది. దానిని ఖాళీ కడుపున, రోజుకు అనేకసార్లు వేసుకోవాలి, థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటలు, కొన్ని యాంటీబయాటిక్స్‌కు కనీసం రెండు గంటలు ఎడంగా ఉంచాలి.

క్రిమి ఉన్నట్టు తేలితే అసలు చికిత్స యాంటీబయాటిక్స్‌తోనే. ఆమ్లం తగ్గించే మాత్రతో పాటు రెండు యాంటీబయాటిక్స్‌ను, కొన్ని పద్ధతుల్లో బిస్మత్‌ను కూడా కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్‌లకు లొంగని క్రిములు మన దేశంలో ఎక్కువగా ఉన్నాయి కనుక, పక్కింటివారికి రాసిన కిట్ మీకు పనికొస్తుందని అనుకోకూడదు. గతంలో దగ్గుకో జ్వరానికో ఏ యాంటీబయాటిక్ వాడారో డాక్టరుకు చెప్పడం వల్ల సరైన జోడీని ఎంచుకునే వీలు కలుగుతుంది. ఈ రెండు వారాలు తేలికగా గడవవు. నోరు చేదుగా, లోహపు రుచితో ఉంటుంది, విరేచనాలు కావచ్చు, మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం పూర్తిగా మానాలి. ఐదో రోజున కాస్త బాగుందని ఆపేస్తే, మిగిలిన క్రిములు మందుకు అలవాటుపడి మరుసటిసారి చికిత్సను కష్టం చేస్తాయి. ఎవరైనా ఈ కోర్సు మొదలుపెట్టేటప్పుడు కుటుంబంలో మరొకరు కూడా వివరాలు తెలుసుకొని, 14 రోజులూ వెంటపడి వేయించడం ఎంతో అవసరమని నేను భావిస్తాను.

ప్రకృతి సహజమైన వాటిలో ఏది ఎంత?

ఇక్కడ అన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అతిమధురం విషయమే తీసుకుంటే, దానికి గట్టి చరిత్ర ఉంది. ఆయుర్వేదంలో యష్టిమధువుగా శతాబ్దాల నుంచి వాడుతున్న ఈ వేరులోని పదార్థం నుంచే కార్బినాక్సలోన్ అనే మందును తయారుచేసి, 1960లలో బ్రిటన్‌లో జీర్ణాశయపు పుండ్లకు వాడారు. అది పనిచేసింది కూడా. కానీ ఒంటికి నీరు చేరడం, రక్తపోటు పెరగడం, పొటాషియం పడిపోవడం వంటి దుష్ఫలితాల వల్ల, మెరుగైన మందులు వచ్చాక వెనుకబడిపోయింది. అతిమధురం చూర్ణాన్ని రోజూ ఎక్కువ మోతాదులో వాడినా అవే దుష్ఫలితాలు రావచ్చు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, నీరు తీసే మాత్రలు వాడేవారు, గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. ఆ పదార్థాన్ని తొలగించిన రకం కూడా మార్కెట్లో ఉంది. అది కొంత సురక్షితం గాని, పుండును మాన్పుతుందనడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి.

శంఖ భస్మం సంగతి వేరు. అది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, అంటే ఒక యాంటాసిడ్. మంట తగ్గడం నిజమే, అందులో వింత లేదు. ఇంగ్లీషు మందుల షాపులో దొరికే యాంటాసిడ్ ఎంతవరకు పనికొస్తుందో ఇదీ అంతవరకే పనికొస్తుంది, క్రిమి జోలికి పోదు. భస్మాలు, రసౌషధాలు (పాదరసం వంటి లోహాలతో చేసే మందులు) వాడదలచినవారు లేబుల్ లేని పొట్లాలను, ఊరూరా తిరిగి అమ్మేవారి గోళీలను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోవద్దు. సీసం, పాదరసం ఎక్కువగా ఉన్న సరుకు వాటిలో ఉండవచ్చు, కొన్నింటిలో స్టెరాయిడ్లు కూడా కలుపుతారు. ఆయుర్వేదం మీద నమ్మకమున్నవారికి విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అర్హత గల వైద్యుడి దగ్గరకు వెళ్ళి, ఎండోస్కోపీ రిపోర్టు చూపించి మాట్లాడడం సరైన దారి.

క్యాబేజీ రసానికి పేరు వచ్చింది 1949లో. కాలిఫోర్నియాలో గార్నెట్ చీనీ అనే వైద్యుడు కొద్దిమంది రోగులకు రోజుకు దాదాపు లీటరు తాజా క్యాబేజీ రసం ఇచ్చి, పుండ్లు త్వరగా మానాయని రాశాడు. రసం తాగని రోగులతో సరైన పోలిక అందులో లేదు. లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగితే పొట్ట ఉబ్బరం మాత్రం ఖాయం. కూరగా తినండి, ఔషధంగా లెక్క వేసుకోకండి. అరటికాయ పొడి మీద వారణాసిలో ఎలుకల మీద మంచి పరిశోధనలు జరిగాయి, కడుపు పొరను దృఢపరిచినట్టు కనిపించింది. మనుషుల్లో అంత రుజువు లేదు. అయినా అరటికాయ ఉడికించి కూర చేసుకోవడం కడుపుకు నెమ్మదిగా ఉండే ఆహారమే కనుక అభ్యంతరం లేదు. తేనె, పసుపు ప్రయోగశాలలో క్రిమి పెరుగుదలను అడ్డుకున్నాయి. అయితే కడుపు లోపలి జిగురు కింద దాగిన క్రిమిని అవి వదిలించగలవని తేలలేదు. రక్తం పలుచన చేసే మందులు వాడేవారు పసుపు క్యాప్సూల్స్ విషయంలో జాగ్రత్తపడాలి, కూరలో వేసే పసుపుకు భయం లేదు. కలబంద ఇంట్లో కోసుకునేవారు తొక్క కింద ఊరే పసుపుపచ్చ ద్రవాన్ని పూర్తిగా కారనిచ్చి కడగాలి, అది తీవ్రమైన విరేచనకారి.

పాల గురించి మన పెద్దలకున్న నమ్మకాన్ని ఒకప్పుడు ప్రపంచ వైద్యులు కూడా పంచుకున్నారు. షికాగోలో బెర్ట్రమ్ సిప్పీ 1915లో గంటగంటకూ పాలు, మీగడ ఇచ్చే పథ్యాన్ని ప్రచారంలోకి తెచ్చాడు, అది దశాబ్దాలపాటు నడిచింది. పాలు తాగిన కాసేపు హాయిగా ఉంటుంది, కానీ వాటిలోని కాల్షియం, మాంసకృత్తులు తరువాత ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయి. పాలను ఆహారంగా తాగవచ్చు, మంట పుట్టినప్పుడల్లా మందుగా తాగితే లాభం లేదు. పుల్లగా లేని మజ్జిగ, పెరుగన్నం చాలామంది కడుపుకు బాగా సరిపడతాయి. యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే విరేచనాలను తగ్గించడంలో ప్రోబయోటిక్స్ (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులు) కొంత సాయపడతాయని తేలింది గనుక ఆ రెండు వారాలు పెరుగు తినడం మంచిదే. అయితే మీ కోర్సులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే, పాలలో, పెరుగులో ఉండే కాల్షియం దానిని ఒంటికి పట్టనివ్వదు. అందుకే ఆ మాత్రకు, పెరుగన్నానికి మధ్య రెండు మూడు గంటలు ఎడం పెట్టాలి. వంటసోడా నీళ్ళలో కలుపుకొని తాగే అలవాటును మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అందులోని సోడియం బీపీ, గుండె, కిడ్నీ రోగులకు హాని చేస్తుంది, కడుపులో గ్యాస్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

కారం మానాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు అందరికీ వర్తించదు. ఏ పదార్థం తిన్నప్పుడు మీకు మంట పుడుతుందో దానిని పుండు మానేవరకు తగ్గించండి. అన్నం, చారు, కూరలతో సాధారణ భోజనం చేయవచ్చు, చప్పిడి తిండి తింటే పుండు త్వరగా మానుతుందన్న రుజువు లేదు. పొగతాగడం మానడం మాత్రం కచ్చితంగా ఫలితమిస్తుంది, ఎందుకంటే సిగరెట్, బీడీ పుండు మానడాన్ని ఆలస్యం చేసి తిరగబెట్టే అవకాశాన్ని పెంచుతాయి.

మీ పరిస్థితిని బట్టి

ముప్పై ఏళ్ళ వయసులో, ప్రమాద లక్షణాలేవీ లేకుండా మంట ఉంటే శ్వాస పరీక్ష లేదా మల పరీక్షతో మొదలుపెట్టి, క్రిమి ఉంటే 14 రోజుల కోర్సు పూర్తిచేయడం అన్నిటికన్నా చవకైన, శాశ్వతమైన దారి. మోకాళ్ళ నొప్పికి మాత్రలు వాడే అరవై ఏళ్ళ మనిషికి మొదటి చికిత్స ఆ మాత్రను ఆపడం. ఆపకుండా అతిమధురం తిన్నా, పాంటాప్రజోల్ వేసుకున్నా ఒక చేత్తో కట్టి మరో చేత్తో కూల్చడమే అవుతుంది. గుండెకు స్టెంట్ వేయించుకొని ఆస్పిరిన్ వాడేవారు పుండు ఉందని తెలిసినా ఆ మాత్రను సొంతంగా మానకూడదు. రక్తస్రావం ముప్పును, గుండె ముప్పును తూచి చూసి, కడుపును కాపాడే మాత్రను జతచేసి కొనసాగించాలో లేదో గుండె డాక్టరు చెబుతారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్ కన్నా పాంటాప్రజోల్ తగిన ఎంపిక. గర్భిణులు చూర్ణాలు, బిస్మత్, టెట్రాసైక్లిన్ వీటిలో దేనినీ తమంతట తాము వాడకూడదు.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్ మనకు అందుబాటులో ఉన్నాయి. ఎండోస్కోపీకి ఏ రోజు రావాలో, ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో ముందే కనుక్కొని వెళ్తే ఒక ప్రయాణం తప్పుతుంది. వెళ్ళేటప్పుడు వాడుతున్న ప్రతి బిళ్ళ అట్టను, చూర్ణం డబ్బాను, కషాయం సీసాను ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. "అది మందు కాదుగా" అని మూలికల సంగతి దాచవద్దు. అలాగే 14 రోజుల కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, ఆమ్లం తగ్గించే మాత్రను రెండు వారాలపాటు ఆపి ఉంచి, శ్వాస పరీక్షో మల పరీక్షో మళ్ళీ చేయించి క్రిమి పోయిందని రుజువు చేసుకోండి. జీర్ణాశయంలో పుండు పడినవారికి అది పూర్తిగా మానిందో లేదో చూడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు మళ్ళీ ఎండోస్కోపీ అవసరమా అన్నది డాక్టరును తప్పక అడగండి.